కర్ణాటకలో పెరిగింది

మే 26, ఆదివారం

ఈరోజు నాకు కుర్చీ వేశారు.

భావి చరిత్రకారుల సౌకర్యార్థం వివరాలు నమోదు చేస్తున్నాను. స్థలం: మా క్యాంపు, అంటే కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు, అందులో సొసైటీ గోడౌన్ అరుగు. కుర్చీ: నీలం రంగు ప్లాస్టిక్‌ది, ఒక చేయి విరిగినది. పక్క కుర్చీలో ఆసీనులైనవారు: బసవపున్నయ్య గారు, మూడు ట్రాక్టర్ల యజమాని. ఆ అరుగు మీద ట్రాక్టర్ల వాళ్లు కూర్చుంటారు. మావాళ్లు, కూలీలూ చిన్న కౌలుదార్లూ, కింద నిలబడతారు. ఎక్కొద్దని ఎవరూ అనరు, ఎవరూ ఎక్కరు. మా బాపు కూడా కిందే ఉన్నాడు, తువ్వాలు నెత్తిన వేసుకుని.

సందర్భం దమ్ము రేటు. వానాకాలం ముందు ఏటా ఇలాగే కూర్చుని, ఎకరం బురద దున్నడానికి ట్రాక్టరుకు ఎంతివ్వాలో తేలుస్తారు. మొదటి ట్రాక్టరు మడిలో దిగే రోజున దాని ముందు కొబ్బరికాయ కొడతారు. కాయ పగిలాక ఆ రేటు సీజను అయ్యేదాకా మారదు. డీజిల్ చుక్కల్ని తాకినా అంతే, పాతాళానికి దిగినా అంతే. ఒక ఏడు కాయ కొట్టాక డీజిల్ ఎగబాకితే బసవపున్నయ్య గారు నష్టానికే దున్నారు. ఆ గాయం ఆయన ఇప్పటికీ అందరికీ చూపిస్తుంటారు.

"ఏరా వెస్లీ, ఎకనామిక్స్‌లో ఎమ్మే చేశావు గదా. రిజల్టు వచ్చాక డీజిల్ పెరుగుద్దా పెరగదా, నువ్వు చెప్పు. పైకి రా. కుర్చీ వేయండ్రా వాడికి" అన్నారు.

ఎక్కాను. నా భాష కూడా కాస్త అరుగెక్కింది. "పెద్దలారా, ధర అనేది పెళ్లిచూపులకొచ్చిన పిల్లవాడు. సంబంధం ఖాయమయ్యేదాకా తలెత్తడు, కాఫీ కూడా చప్పుడు రాకుండా తాగుతాడు. తాళి కట్టాక చూడాలి ఆయన ప్రతాపం." నవ్వారు. మరి సాక్ష్యాలు? బెంగాల్ ఎన్నికలప్పుడు కదలకుండా పడుకున్న ధర, ఫలితాలొచ్చిన రెండో రోజు లేచింది. యూపీ ఎన్నికలప్పుడు నాలుగు నెలలకు పైగా నిద్రపోయింది. లెక్కింపు అయిన రెండు వారాలలోపే లేచి పరుగు మొదలుపెట్టింది. ఇప్పుడు పార్లమెంటుకే ఎన్నికలు. మార్చిలో రెండు రూపాయలు తగ్గించారంటేనే అర్థం చేసుకోవాలి. జూన్ నాలుగున లెక్కింపు. ఆ తర్వాత ఎంత పెరుగుతుందో నేను చెప్పను, నాకు గుండెజబ్బు మనుషులంటే జాలి.

చప్పట్లు. నిజమైన చప్పట్లు.

అప్పుడు కింద నుంచి చిన్నమ్మ లస్మవ్వ అడ్డం తగిలింది. బాన్సువాడలో ఉండే రామబ్రహ్మం గారి పొలం రెండెకరాలు ఆమె కౌలుకు చేస్తోంది. "మార్చిల రెండు రూపాయలు తగ్గిందంటివి. తగ్గినప్పుడు మా రేటేం తగ్గలే. ఇంక పెరగనే లేదు, పెరుగుతదని ముంగటనే పెంచుడేంది?"

"చిన్నమ్మా, ఓట్ల ముంగట తగ్గిన రెండు రూపాయలంటే జాతరకు పోయే మేక మెడల దండ. దండ మంచిగున్నదని మేక మురిస్తే ఎట్ల?" అన్నాను.

ట్రాక్టరు డ్రైవర్ గోవర్ధన్ "మే... ఏ..." అన్నాడు. అరుగంతా నవ్వింది. కింద కూడా నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వింది, అందరికంటే కొంచెం ఆలస్యంగా.

రేటు పెంచారు. బసవపున్నయ్య గారు ఒక వెసులుబాటు మాత్రం ఇచ్చారు. "కాయ కొట్టేలోగా డీజిల్ పెరక్కపోతే, ఎవరన్నా వచ్చి అడగండి. మళ్లీ కూచుందాం. నాకేం పంతం లేదు. కాయ కొట్టాక మాత్రం నన్ను కదిలించొద్దు."

మొత్తం మీద శాస్త్రీయంగా జరిగిన సభ.

మే 27

బాన్సువాడలో మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కుర్చీ సంగతి అందరికీ చెప్పాను. నేను రోజూ కుర్చీలో కూర్చునే లారీల బిల్టీలు, అంటే సరుకు రసీదులు, కొడతాను. కానీ దీనికీ దానికీ తేడా ఉందని వాళ్లకు అర్థం కాలేదు.

మద్నూర్ లారీ డ్రైవర్ భీంరావు మాత్రం ట్యాంకు ఎప్పటిలాగే బార్డర్ అవతల నింపుకొచ్చాడు. అక్కడ తక్కువ. "ఒక్కటే రోడ్డు, ఒక్కటే డీజిల్. రెండు సర్కార్లు, రెండు రేట్లు. గింతే భావూ నీ ఎకనామిక్స్" అన్నాడు. అన్ని పుస్తకాలు చదివిన నేను తలూపాను.

మే 29

చిన్నమ్మ ఇంటి ముందు నుంచి వస్తుంటే గోవర్ధన్ ట్రాక్టరు మీద వెళ్తూ మేకలా అరిచాడు. చిన్నమ్మ చీపురు విసిరింది. తగల్లేదు. నేను సెల్లు చూసుకుంటున్నట్టు నటించాను. చాలా సహజంగా నటించాను.

జూన్ 4, మంగళవారం

దేశమంతా టీవీ చూస్తోంది. నేను బాన్సువాడ బంకు బోర్డు చూశాను. తొంభై అయిదు చిల్లర. నిన్నటిదే.

తొందరేముంది?

జూన్ 5

నిన్నటిదే.

జూన్ 6

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే చిన్నమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"పెరిగిందారా?"

"ఇంకా లేదు. వస్తది. కొత్త మంత్రులు ప్రమాణం చెయ్యద్దా?"

"చెయ్యనీ పాపం" అంది.

ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. కాయ కొట్టేలోగా పెరక్కపోతే అరుగు దగ్గరికి పోయి అడిగే నోరు క్యాంపులో ఆమెకొక్కదానికే ఉంది. మిగతావాళ్లంతా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. పాత రేటు ఖాయమైతే రెండెకరాలూ ఉంచుకుంటుందట. లేకపోతే ఒక ఎకరం రామబ్రహ్మం గారికి వాపసు. మస్కట్‌లో ఉన్న చిన్నాయనకు ఫోన్లో చెప్తుంటే అమ్మ విందట.

జూన్ 7

"పెరిగిందారా?"

"లేదు."

జూన్ 8

"పెరిగిందారా?"

ఈరోజు వెనక సందులోంచి వచ్చాను. అయినా దొరికాను. వెనక కూడా ఆమెకు ఒక గడప ఉంది.

జూన్ 9, ఆదివారం

చర్చిలో పాస్టర్ గారు కళ్లు మూసుకోమన్నారు. మూసుకున్నాను. ఆయన రోగుల కోసం, విత్తనాల కోసం, వానల కోసం ప్రార్థించారు. నేను డీజిల్ పెరగాలని ప్రార్థించాను.

రాసేశాను కాబట్టి వివరణ కూడా రాస్తున్నాను. ఎక్కువ అడగలేదు. లీటరుకు ఒక రూపాయి. పోనీ అర్ధరూపాయి. మాట నిలబడేంత. భీంరావు లారీకీ, మా బాపు పనికి పోయే ఆటోకూ, దవాఖానకు పోయే వాళ్లకూ, అందరికీ అర్ధరూపాయి భారం వేసి నన్నొక్కణ్ణి కాపాడమని అడిగాను. నా పక్కన మోకరించిన ముసలవ్వ "ఆమెన్" అంది. నా ప్రార్థనకే అన్నట్టు వినిపించింది.

జూన్ 11

కొత్త మంత్రులు కూడా వచ్చారు. ధర నిన్నటిదే. ముడి చమురు కూడా చల్లగా ఉంది. అంత చల్లగా ఉండాల్సిన అవసరం దానికేమొచ్చింది?

జూన్ 12

డిసెంబర్ గురించి ఒక మాట.

మన రాష్ట్రంలోనే మొన్న డిసెంబర్‌లో అసెంబ్లీ ఫలితాలొచ్చాయి. ఓట్లకు ముందూ అదే ధర, ఆ తర్వాతా అదే ధర. మార్చిలో తగ్గేదాకా కదల్లేదు. ఈ సంగతి నాకు అరుగు ఎక్కేటప్పుడే గుర్తుంది. బెంగాల్, యూపీ అయ్యాక మూడోదిగా నాలుక చివరికి వచ్చింది కూడా. చెప్తే ఏమయ్యేది? "రెండుసార్లు పెరిగింది, ఒకసారి పెరగలేదు, కాబట్టి ఏమో" అనాల్సి వచ్చేది. "ఏమో" అనే మాటకు చప్పట్లు కొట్టరు. "ఏమో" అనేవాడికి కుర్చీ ఎందుకు, కింద నిలబడి కూడా అనొచ్చు.

అది అబద్ధం కాదు. వదిలేయడం. సమయాభావం వల్ల వక్తలు చాలా విషయాలు వదిలేస్తుంటారు.

జూన్ 13

నిన్న రాసింది చదివాను. సమయాభావం ఏమీ లేదు. నేను కాఫీ తాగుతాడు అనే ముక్కను రెండుసార్లు చెప్పాను.

జూన్ 14

"పెరిగిందారా?"

"లేదు చిన్నమ్మా."

ఈసారి ఆమె నవ్వింది. ఎగతాళి కాదు, ధైర్యం వచ్చిన నవ్వు. "మంగళారం కాయ గొడుతరట. ఇగ సోమారం దాక చూస్త. అప్పటికి గిట్లనే ఉంటే నేనే పోయి అడుగుత. నువ్వు పక్కన నిలబడుతవా? నువ్వంటే వాళ్లు వింటరు."

"నిలబడుత" అన్నాను. సోమవారం వాళ్ల ముందు ఏమని నిలబడాలి? "అయ్యలారా, నిండుసభలో చెప్పింది తప్పు" అనా?

జూన్ 16, ఆదివారం

దేవుడు నా ప్రార్థన విన్నాడు. చిరునామా ఒక్కటి తప్పింది.

పొద్దున్నే బీదర్ లోడు దించి వస్తూ భీంరావు ఫోన్ చేశాడు. "భావూ, నీ నోట్ల చక్కెర పోయ్య! కర్నాటకల పెంచిన్రు. డీజిల్ మూడు రూపాయల దాక. ట్యాక్సట." వార్తలు చూశాను. నిజమే. ఓట్లయ్యాయి, లెక్కింపయింది, అక్కడి సర్కారు పన్ను పెంచింది. పక్క రాష్ట్రంలో నా సిద్ధాంతం నిలువెత్తు నిలబడింది. మంచం మీద ఎగిరాను. ఎన్నికలకూ ధరకూ సంబంధం ఉందా అంటే ఉంది! రుజువైంది! బార్డర్ ఒక్కటి అడ్డం.

సాయంత్రం చిన్నమ్మ గడపలోనే ఉంది. అమ్మ కూడా అక్కడే ఉంది, ఆమె తలలో పేలు చూస్తూ.

"పెరిగిందారా?"

"పెరిగింది" అన్నాను.

అంతే అన్నాను. తర్వాత వాక్యం నా దగ్గర సిద్ధంగానే ఉంది, "కర్ణాటకలో" అని. ఆమె అడిగితే చెప్పేవాణ్ణే. ఆమె అడగలేదు.

"ఎంత?"

"మూడు రూపాయల దాక."

చిన్నమ్మ తల మీంచి అమ్మ చేయి తీసేసి కొప్పు ముడేసుకుంది. తర్వాత అమ్మతో అంది, "నీ కొడుకు సదువుకున్నోడక్కా. నేనే ఆనాడు అందరి ముంగట ఊకె లొల్లి చేసిన." నావైపు చూసి, "ఏమనుకోకు బిడ్డా" అంది.

ఏమీ అనుకోలేదని చెప్పాను.

జూన్ 17, సోమవారం

పొద్దున బాన్సువాడ ఆటోలో చిన్నమ్మ ఎదురు సీట్లో కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది.

"యాడికి?"

"పని ఉన్నది."

బస్టాండు దగ్గర దిగి, రామబ్రహ్మం గారి ఇల్లున్న వీధివైపు పోయింది. నేను ఆఫీసువైపు పోయాను. మనిషికి వంద పనులుంటాయి ఆ వీధిలో. చెప్పుల దుకాణం ఉంది. కళ్లద్దాల దుకాణం ఉంది.

బంకు బోర్డు: నిన్నటిదే.

జూన్ 18

కాయ కొట్టారు. నేను ఆఫీసులో ఉన్నాను. రోజూ కంటే ఎక్కువసేపు ఉన్నాను.

జూన్ 19

బాపు అన్నం తింటూ చెప్పాడు. "లస్మి ఒక ఎకరం ఇడిసిపెట్టిందట. పెద్ద రోడ్డు దిక్కుది. నీళ్లు మంచిగ పారేది గదే. బసవపున్నయ్య కౌలుకు పట్టిండు."

"ఎందుకు ఇడిసిపెట్టింది?" అన్నాను.

ఇంత నిర్దోషిలా అడిగిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

"డీజిల్ పెరిగిందంట గద. ఇగ రేటు దిగదని. రెండెకరాలు తన శాతగాదని." బాపు మంచినీళ్లు తాగాడు. "పెరిగిందా మరి? మా ఆటోవాడు అదే కిరాయి తీసుకుంటుండు."

పెరుగు వేసుకున్నాను. పెరుగు చాలా బాగుందన్నాను.

జూన్ 20

బసవపున్నయ్య గారింటికి వెళ్లాను. వాకిట్లో నిలబడి చెప్పేద్దామని దారిలో రెండుసార్లు ప్రసంగం తయారుచేసుకున్నాను. ఒకటి హాస్యంతో, ఒకటి హాస్యం లేకుండా.

"రారా, కూచో" అన్నారు. కూర్చున్నాను. కూర్చోకుండా ఉండాల్సింది. కూర్చున్నాను.

"చిన్నమ్మ ఎకరం గురించి అండీ. నేను పెరిగిందన్నది కర్ణాటకలో. ఇక్కడ పెరగలేదు. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. డిసెంబర్‌లో మన దగ్గర పెరగలేదన్న సంగతి ఆ రోజు మీకూ చెప్పలేదు."

ఆయన చాలాసేపు చెవి గోక్కున్నారు. "డిసెంబర్‌దేముందిలే, మాకూ తెలుసుగా. మేమూ డీజిల్ కొట్టిస్తాం."

"తెలిస్తే మరి..."

"నువ్వు చెప్తుంటే బాగుంది, విన్నాం. మావాళ్లు రేటు పెంచాలనే వచ్చారు ఆ రోజు. ఎవరో ఒకరు చెప్పాలి గదా. మేం చెప్తే కింద వాళ్లు ఒప్పుకోరు. నువ్వు చెప్తే ఒప్పుకున్నారు." ఆయన మొహంలో కపటం లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. "ఆ ఎకరం నేనడగలేదురా. రామబ్రహ్మమే ఫోన్ చేశాడు, ఖాళీగా పడుంటదని. నిన్న దమ్ము కూడా చేసేశాం. ఇప్పుడు వెనక్కిచ్చేస్తే దున్నిన ఖర్చు ఆమె మీదే గదా పడేది, అదీ కొత్త రేటున."

"రేటు..."

"కాయ కొట్టాం గదరా."

సిరీష, వాళ్ల మనవరాలు, టీ తెచ్చింది. తాగాను. చప్పుడు రాకుండా తాగాను.

జూన్ 21

నన్ను పైకి ఎందుకు పిలిచారో తెలిసింది. నేను ఎందుకు ఎక్కానో నాకు ముందే తెలుసు.

జూన్ 23, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె అప్పటికే వినేసింది. గోవర్ధన్ డీజిల్ బిల్లు ఆమె మొహం ముందు ఆడించి మరీ చెప్పాడట, ధర పెరగలేదని. "ఎట్ల పెరగలే? మా వెస్లీ చెప్పిండు, ఎరికేనా నీకు?" అని నలుగురిలో వాదించిందట. నా తరఫున. ఆ నలుగురూ నవ్వారట. ఇదంతా అమ్మ చెప్పింది, నా మొహం చూడకుండా.

చిన్నమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"కర్ణాటకల పెరిగింది చిన్నమ్మా. గది నీకు చెప్పలే."

"కర్ణాటక మనకేమైతదిరా?" అంది. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మనకు ఆడ సుట్టాలు గూడ లేరు గద."

నాకు నవ్వొచ్చింది. ఈ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. ఆ క్షణంలో కూడా ఆ మాట భలేగా ఉందనిపించింది, ఎవరికైనా చెప్పాలనిపించింది. అంతలో ఆమె కళ్లు చూశాను.

"అడిగిన గద నిన్ను. రోజు అడిగిన. లేదంటే పోయి కొట్లాడుతుంటి. కాయ కొట్టకముందు పోతుంటి."

"అవు."

"ఆనాడు మేక అన్నవు. గది వేరే. అందరి ముంగట ఉన్నవు, నోరు జారింది అనుకున్న. గీడ ఎవలున్నరురా? నేను, మీ అమ్మ. మా ముంగట గొప్పకు పోయి ఏం చేస్తవ్?"

రామబ్రహ్మం గారి దగ్గరికి నేను పోయి మాట్లాడతానన్నాను. వద్దంది. ఇచ్చేస్తానన్న ఎకరం మళ్లీ అదే నోటితో అడగనంది. సొసైటీ దగ్గర అందరి ముందూ జరిగింది చెప్తానన్నాను.

"చెప్పు. గదన్న చెప్పు. నాకోసం కాదు." మూత తీసి అన్నం చూసింది. "ఇగ పో. బువ్వ మాడుతది."

జూన్ 30, ఆదివారం

చెప్పాను. గోడౌన్ దగ్గర యూరియా బస్తాల కోసం జనం ఉన్నప్పుడు, కింద నిలబడి. డిసెంబర్ సంగతి, కర్ణాటక సంగతి, వరసగా. హాస్యం లేకుండా చెప్పాను. అయినా "కర్ణాటక" అనగానే కొందరు నవ్వారు, ఇంకేదో వస్తుందని ఎదురుచూశారు. ఏమీ రాలేదు. ఒకాయన "అయిపోయిందా?" అని అడిగాడు. అయిపోయిందన్నాను. "మరి మళ్లా ఎలక్షన్లప్పుడు ఎట్లుంటదంటవ్?" అన్నాడు.

తెలియదన్నాను. ఆయనకు నచ్చలేదు. బస్తా ఎత్తమన్నాడు, ఎత్తాను.

జూలై 7, ఆదివారం

చిన్నమ్మ కబురు పెట్టింది, నాటుకు రమ్మని. కూలి ఇవ్వనని కూడా కబురులోనే ఉంది.

ప్యాంటు మడిచి దిగాను. ఎకనామిక్స్ ఎమ్మే పనికి పెద్దగా అడ్డం రాలేదు. నారు కట్టలు మోసి ఆడవాళ్ల వెనకాల విసరడం నా పని. మోకాళ్ల లోతు బురద. అమ్మ, చిన్నమ్మ, ఇంకో పదిమంది వరసగా వంగి నాటుకుంటూ పోయారు. ఎకరం మధ్యాహ్నానికే అయిపోయింది. ఇంత తొందరగా అవుతుందనుకోలేదు.

నారుమడిలో ఇంకా సగం నారు పచ్చగా నిలబడి ఉంది. ఆమె రెండెకరాలకని పోసుకుంది.

గట్టు అవతల పెద్ద రోడ్డు దిక్కు ఎకరంలో బసవపున్నయ్య గారి కూలీలు దిగారు. వాళ్లకు నారు చాలలేదట. చిన్నమ్మ గట్టు మీద కూర్చుని అన్నం తిని, చేయి కడుక్కుని, మిగిలిన నారు చూపించింది.

"పీకి కట్టలు కట్టు. ఉంచితే ముదురుతయి. అటేయి."

"వాళ్లకా?"

"నారుకేమెరుక?"

పీకాను. కట్టాను. నెత్తిన పెట్టుకుని గట్టు దాటించాను. నీళ్లు మెడ మీదుగా చొక్కాలోకి కారాయి. ఒక్కో మోపు దించి వెనక్కి తిరిగినప్పుడల్లా మా వైపు నారుమడి ఖాళీ అవుతూ కనిపించింది.

నాలుగో మోపుతో వెళ్లేసరికి చిన్నమ్మ కూడా అవతలే ఉంది. కూలీల వరసలో, చివరి మనిషిగా, చీర చెక్కుకుని వంగి ఉంది. ఆ పూట కూలికి ఒప్పుకుందట. పదేళ్లు తను చేసిన మడి. ఎక్కడ లోతో ఎక్కడ మెరకో చూడకుండానే అడుగులు వేస్తోంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు తల ఎత్తకుండా చేయి వెనక్కి చాపింది. కట్ట అందించాను.